తివాచీ సంచీల వాళ్లు: మిసిసిపీలో ఉత్తరాది వలసదారులు, 1865–1879

అమెరికా అంతర్యుద్ధం 1865 వసంతంలో ముగిసేనాటికి దక్షిణాది రాష్ట్రాలు యుద్ధరంగంలో ఓడిపోయాయే గాని, బానిసత్వం మీద కట్టుకున్న తమ సమాజం తప్పుడు పునాది మీద నిలిచిందని మాత్రం ఒప్పుకోలేదు. దాదాపు 40 లక్షల మంది బానిసలు స్వేచ్ఛ పొందారు. ఆ ఏడాది డిసెంబరులో 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేసింది. అయితే అంతకు కొద్దివారాల ముందే, నవంబరులో, మిసిసిపీ శాసనసభ ‘నల్ల చట్టాలు’గా పేరుపడిన శాసనాలను తెచ్చింది. నల్లవారు పట్టణాల వెలుపల భూమి కౌలుకు తీసుకోరాదనీ, ఏటా జనవరిలో తమకు పని ఉన్నట్టు రాతపూర్వకంగా రుజువు చూపాలనీ, చూపలేనివారిని దిమ్మరులుగా ఎంచి జరిమానా వేసి, ఆ సొమ్ము కట్టినవారి దగ్గర వెట్టికి పంపవచ్చుననీ ఆ శాసనాలు నిర్దేశించాయి. గత భాగంలో వివరించిన ఈ చట్టాల నేపథ్యంలోనే, ఉత్తరాది నుంచి వచ్చి మిసిసిపీలో కాపురం పెట్టిన కొద్దిమంది కథను అర్థం చేసుకోవలసి ఉంటుంది.

వారికి దక్షిణాది శ్వేతజాతీయులు పెట్టిన పేరు ‘కార్పెట్‌బాగర్లు’. తివాచీ గుడ్డతో కుట్టిన చవక చేతిసంచీని కార్పెట్‌బాగ్ అనేవారు. ఉన్నదంతా ఒక్క సంచీలో సర్దుకుని వచ్చి, దోచుకున్నది అందులోనే నింపుకుని పోయే దేశదిమ్మరులన్నది ఆ పేరులోని నింద. ఆ నింద పాఠ్యపుస్తకాల్లో నూరేళ్ల పాటు చలామణీ అయింది గనుక, వాస్తవాలను కాస్త నిదానంగా చూడడం అవసరం. దక్షిణాదిలోని ఏ రాష్ట్రంలోనూ ఉత్తరాది వలసదారులు జనాభాలో రెండు శాతానికి చేరలేదు. వారిలో ఎక్కువమంది సైన్యం నుంచి విడుదలైన యువకులు. మిగిలినవారిలో ఉపాధ్యాయినులు, మతప్రచారకులు, వ్యాపారులు, విముక్తుల సంక్షేమం కోసం కేంద్ర ప్రభుత్వం 1865 మార్చిలో నెలకొల్పిన ‘ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో’ ఉద్యోగులు ఉన్నారు. పదవుల కోసమే వచ్చారన్న ఆరోపణకు కాలక్రమమే సమాధానం చెబుతుంది. నల్లవారికి ఓటు హక్కు కల్పించి, పది రాష్ట్రాలను సైనిక పాలన కిందికి తెచ్చిన పునర్నిర్మాణ చట్టాలు 1867 మార్చిలో వెలువడ్డాయి. ఈ వలసదారులలో అధికులు అంతకు ముందే, అంటే రాజకీయ పదవి దొరుకుతుందన్న ఆశకు ఏ ఆధారమూ లేని రోజుల్లోనే దక్షిణాదికి చేరుకున్నారు. యుద్ధకాలంలో ఆకాశానికి ఎక్కిన పత్తి ధర, చేతిలో పైకం లేని భూస్వాముల దగ్గర చవకగా దొరికే భూములు వారిలో చాలామందిని ఆకర్షించాయి.

ఆ కాలపు పార్టీల గురించి ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే నేటి అమెరికా రాజకీయాల అలవాటుతో చూస్తే అంతా తలకిందులుగా కనిపిస్తుంది. అబ్రహాం లింకన్‌ది రిపబ్లికన్ పార్టీ. బానిసత్వ రద్దుకూ నల్లవారి పౌరహక్కులకూ నిలబడినది అదే. దక్షిణాది భూస్వాముల పార్టీ డెమొక్రటిక్ పార్టీ. ‘కన్సర్వేటివ్’, అంటే పాత వ్యవస్థను కాపాడేవారు, అని దాని నాయకులు తమను తామే సగర్వంగా చెప్పుకునేవారు.

మిసిసిపీలోని యాజూ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటి పాలనా విభాగం) 1865లో విస్కాన్సిన్ నుంచి ఆల్బర్ట్ మోర్గన్ అనే మాజీ సైనికుడు తన అన్న చార్లెస్‌తో కలిసి వచ్చి, టోకీబా అనే పెద్ద పత్తి క్షేత్రాన్ని కౌలుకు తీసుకున్నాడు. మొదట్లో ఊరి పెద్దలు ఆయనను మర్యాదగానే చూశారు. డబ్బు తెచ్చే కౌలుదారుగా ఆయన వారికి కావలసినవాడే. ఆయన నల్లకూలీలకు న్యాయమైన కూలి ఇవ్వడం, వారి పిల్లల కోసం బడి కట్టించడం మొదలుపెట్టాక ఊళ్లో పలకరింపులు ఆగిపోయాయి, ఆ తరువాత బెదిరింపులు వచ్చాయి. ప్రకృతి ప్రతికూలించి, పత్తి ధర పడిపోయి వ్యవసాయం దివాలా తీసింది. కలప కోత మిల్లు పెట్టినా నిలదొక్కుకోలేకపోయాడు. రాజకీయాలలోకి ఆయన అడుగు పెట్టింది ఆ తరువాతే. 1868 నాటి రాష్ట్ర రాజ్యాంగ సభకు, అనంతరం రాష్ట్ర సెనేటుకు ఎన్నికయ్యాడు. భిన్నజాతుల వారి పెళ్లిని నిషేధించే చట్టాన్ని రద్దు చేసే బిల్లును సెనేటులో ప్రవేశపెట్టాడు. 1870లో, ఆ నిషేధం తొలగిన తరువాత, న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నుంచి నల్లపిల్లలకు చదువు చెప్పడానికి వచ్చిన కేరొలిన్ హైగేట్ అనే మిశ్రమజాతి ఉపాధ్యాయినిని పెళ్లాడాడు. యాజూ పెద్దల దృష్టిలో ఆ పెళ్లి ఆయన చేసిన నేరాలన్నిటికన్నా పెద్దది.

మోర్గన్ జీవితాన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఉత్తరాది నుంచి వచ్చి పత్తి పండించుకుని, నల్లవారి విషయంలో ఊరి కట్టుబాటును పాటించి, ఓటు డెమొక్రాట్లకు వేసిన వలసదారులూ ఉన్నారు. వారిని ఎవరూ తివాచీ సంచీల వాళ్లని పిలవలేదు, వారి ఇళ్ల మీదికి రాత్రివేళ ఎవరూ రాలేదు. కాబట్టి మిసిసిపీ శ్వేతజాతీయులు ద్వేషించింది పరాయితనాన్నని చెప్పడం సరికాదు. నల్లవాడి పక్కన కూర్చోవడం, నల్లవాడికి అక్షరం నేర్పడం, నల్లవాడి ఓటుతో పదవి పొందడం, ఈ మూడింటిలో దేనినైనా చేసినవాడే వారికి పరాయివాడు.

మూడింటిలోనూ అక్షరమే ముందు వచ్చింది. యుద్ధానికి ముందు చాలా దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలకు చదువు నేర్పడం చట్టరీత్యా నేరం. యుద్ధం ముగిశాక ఉత్తరాది నుంచి, ముఖ్యంగా అమెరికన్ మిషనరీ అసోసియేషన్ ద్వారా, ఉపాధ్యాయులు, అందులోనూ అధికంగా పెళ్లికాని యువతులు, దక్షిణాదికి వచ్చారు. 1869 నాటికి ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో లెక్కలోకి వచ్చిన బడులు దాదాపు 3,000. వాటిలో చదివేవారు లక్షన్నరకు పైమాట. నాష్‌విల్‌లోని ఫిస్క్, మిసిసిపీలోని టూగలూ వంటి విద్యాసంస్థలు ఆ సంవత్సరాల్లో పుట్టినవే. అయితే చదువును ఉత్తరాది వారు తెచ్చి ఇచ్చిన వరంగా చెప్పడం కూడా అన్యాయమే. జార్జియాలోని సవానా నగరం సైన్యం చేతికి వచ్చిన కొన్ని వారాలకే అక్కడి నల్ల మతబోధకులు తమలో తాము చందాలు పోగుచేసుకుని, ఉత్తరాది సంఘాలు వచ్చేదాకా ఆగకుండా, తమ ఉపాధ్యాయులతోనే బడులు తెరిచారు. వాటిలో ఒకటి నడిచిన భవనం బ్రయన్ బానిసల అంగడి: కొద్దినెలల క్రితం దాకా మనుషులను వరుసలో నిలబెట్టి వేలం వేసిన గదుల్లో ఇప్పుడు పిల్లలు బల్లల మీద కూర్చుని అక్షరాలు దిద్దారు.

బడి మీద పడిన దెబ్బలను చూస్తే అది ఎంత లోతుగా తాకిందో తెలుస్తుంది. 1866 మే నెలలో టెనెస్సీలోని మెంఫిస్‌లో తెల్లవారి మూకలు, పోలీసులతో కలిసి, మూడు రోజుల పాటు చేసిన దాడుల్లో 46 మంది నల్లవారు హతులయ్యారు. 12 బడులు తగలబడ్డాయి. అదే రాష్ట్రంలో ఆ రోజుల్లోనే పుట్టిన కూ క్లక్స్ క్లాన్, అంటే ముసుగులు ధరించి రాత్రివేళ దాడులు చేసే శ్వేతజాతి రహస్య సంఘం, ఉపాధ్యాయులను ప్రత్యేకంగా ఎంచుకుంది. మిసిసిపీలోని మన్రో కౌంటీలో బడుల పర్యవేక్షకుడిగా పనిచేసిన ఉత్తరాది వాసి ఆలెన్ హగిన్స్‌ను 1871 మార్చిలో ఒక రాత్రి ముసుగుల గుంపు బస ఇంటి నుంచి బయటికి రప్పించి, బడుల కోసం పన్నులు కట్టడం తమకు ఇష్టం లేదనీ, పది రోజుల్లో రాష్ట్రం విడిచి పొమ్మనీ చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. తోలు పట్టీతో 75 దెబ్బలు కొట్టి, స్పృహ తప్పాక వదిలిపెట్టారు. ఆయన అక్కడ నల్లవారి రాజ్యం స్థాపించడానికి వెళ్లినవాడు కాదు. బడులకు మేస్టర్లనూ జీతాలనూ సమకూర్చే మామూలు ఉద్యోగి.

పన్నుల మాట కేవలం సాకు అనడానికి వీల్లేదు. యుద్ధానికి ముందు మిసిసిపీలో రాష్ట్రమంతటికీ వర్తించే ప్రభుత్వ విద్యావ్యవస్థ లేదు. 1870లో రిపబ్లికన్ ప్రభుత్వం మొదటిసారి దాన్ని ఏర్పరచినప్పుడు ఖర్చు భూమి పన్ను మీద పడింది. యుద్ధంలో పశువులను, పొదుపును, కొడుకులను పోగొట్టుకున్న చిన్న రైతుకు ఆ పన్ను నిజంగానే భారమైంది. అతని కష్టాన్ని చరిత్రకారుడు తేలిక చేయకూడదు. అవినీతి ఆరోపణలోనూ కొంత నిజముంది: సౌత్ కరొలినాలో, లూసియానాలో రైలుమార్గాల బాండ్ల పేరిట జరిగిన మోసాలకు సాక్ష్యాలు ఉన్నాయి, వాటిలో రెండు పార్టీల వారికీ వాటా ఉంది. మిసిసిపీ మాత్రం వేరు. అక్కడి రిపబ్లికన్ ప్రభుత్వం మీద చెప్పుకోదగిన దోపిడీ ఏదీ రుజువు కాలేదు. రాష్ట్ర ఖజానా నుంచి 3 లక్షల డాలర్లకు పైగా మాయమైనట్టు బయటపడినది 1890లో, ‘మంచి పాలన తెచ్చాం’ అని చెప్పుకున్న డెమొక్రాట్ల ఖజానాదారు హెమింగ్‌వే హయాంలో.

అసలు స్థానికుడు ఎవరన్న ప్రశ్న దగ్గర ఈ కథ మలుపు తిరుగుతుంది. తెలుగు పాఠకులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. హైదరాబాదు సంస్థానంలో ముల్కీ ఎవరో, గైర్ ముల్కీ ఎవరో తేల్చడానికి పదిహేనేళ్ల నివాసాన్ని కొలమానంగా పెట్టుకున్నారు, దాని చుట్టూ దశాబ్దాల పాటు వాదాలు నడిచాయి. మిసిసిపీలో నివాసకాలాన్ని కొలిస్తే లెక్క ఉత్తరాది వారికి వ్యతిరేకంగానే తేలుతుంది గాని, అదే లెక్క నల్లవారిని నిఖార్సయిన స్థానికులుగా నిలబెడుతుంది. 1870 జనగణన ప్రకారం రాష్ట్ర జనాభాలో సగం కన్నా ఎక్కువమంది నల్లవారే. అడవులు నరికి, చిత్తడి నేలలు ఎండగట్టి, పత్తి పండించిన చేతులు వారివి. తివాచీ సంచీల వాళ్లను గెలిపించిన ఓట్లూ వారివే. 1870లో మిసిసిపీ శాసనసభ హైరమ్ రెవెల్స్‌ను కేంద్ర సెనేటుకు పంపింది. అమెరికా సెనేటులో కూర్చున్న తొలి నల్లజాతీయుడు ఆయనే. యుద్ధకాలం దాకా బానిసగా ఉన్న జాన్ లించ్ 1872లో రాష్ట్ర దిగువసభకు స్పీకర్ అయ్యాడు. ‘స్థానికుల ప్రతిఘటన’ అని చరిత్ర పుస్తకాలు రాసినది ఈ స్థానికులను పక్కకు నెట్టి మిగిలినవారి ప్రతిఘటన.

పుట్టుకతోనే దక్షిణాది వారైన శ్వేతజాతీయులు కూడా ఆ ముద్ర నుంచి తప్పించుకోలేదు. రిపబ్లికన్లతో చేరినవారిని ‘స్కాలవాగ్’ అనేవారు. దాదాపుగా ‘కులద్రోహి’ అన్నంత బరువున్న తిట్టు అది. నార్త్ కరొలినాలో పుట్టి పెరిగి, నల్ల ఓటర్లను కూడగట్టిన జాన్ స్టీవెన్స్ అనే రాష్ట్ర సెనేటరును 1870 మే నెలలో యాన్సీవిల్ కోర్టు భవనంలోనే, పై అంతస్తులో ప్రత్యర్థుల సభ జరుగుతుండగా, కింది గదిలో పొడిచి చంపారు. ఆయన చేతిలో ఏ తివాచీ సంచీ లేదు.

ఆ సంవత్సరాల్లోనే మన దేశంలో ఒకాయన అమెరికా వైపు ఆశగా చూస్తున్నాడు. మహారాష్ట్రలో జ్యోతిరావు ఫూలే 1873లో ప్రచురించిన ‘గులాంగిరి’ని, నల్లవారిని బానిసత్వం నుంచి విడిపించినందుకు మెచ్చుకోలుగా అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. అదే ఏడాది ఏప్రిల్ 13న, ఈస్టర్ ఆదివారం నాడు, లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో కోర్టు భవనాన్ని కాపాడుకుంటున్న నల్లవారిని తెల్లవారి సాయుధ దళం ముట్టడించి, లొంగిపోయినవారిని కూడా కాల్చి చంపింది. మృతుల అంచనాలు 60 నుంచి 150 దాకా ఉన్నాయి. పూనాలో నమస్కారం అందుకుంటున్న ఆదర్శం లూసియానాలో ప్రాణాలతో లేదన్న సంగతి ఫూలేకు తెలిసే అవకాశం లేకపోయింది.

1873 చివరిలో మిసిసిపీ గవర్నరుగా ఎన్నికైన ఆడెల్‌బర్ట్ ఏమ్స్ మెయిన్ రాష్ట్రంలో 1835లో పుట్టినవాడు. యుద్ధంలో గాయపడినా ఫిరంగి దళాన్ని వదలనందుకు అత్యున్నత సైనిక పతకం పొందినవాడు. సైనిక గవర్నరుగా మిసిసిపీకి వచ్చి, నల్లవారి దుస్థితి చూసి అక్కడే ఉండిపోవాలని నిర్ణయించుకున్నాడు. ఆయనలో లోపాలు లేకపోలేదు: స్థానిక రాజకీయాల మెలకువలు ఆయనకు అబ్బలేదు, తన పార్టీలోని చీలికలను సర్దుబాటు చేయలేకపోయాడు, వేసవులు తరచుగా ఉత్తరాదిలోనే గడిపేవాడు. కానీ 1875లో ఆయనను ఓడించింది ఈ లోపాలు కావు. ఆ ఏడాది ఎన్నికల కోసం డెమొక్రాట్లు రూపొందించుకున్న పద్ధతికి ‘మిసిసిపీ ప్రణాళిక’ అని పేరు. రాత్రి ముసుగులు తీసేసి, పట్టపగలు ఆయుధాలతో రిపబ్లికన్ల సభలకు వెళ్లి చెదరగొట్టడం, నల్ల నాయకులను ఎంచి చంపడం, రిపబ్లికన్‌కు ఓటు వేస్తే పని ఇవ్వబోమని కూలీలను బెదిరించడం అందులోని భాగాలు.

సెప్టెంబరు 4న క్లింటన్ పట్టణం దగ్గర నల్లవారు కుటుంబాలతో, విందు ఏర్పాట్లతో జరుపుకుంటున్న రాజకీయ సభలో గొడవ రేగి కాల్పులు జరిగాయి. తరువాతి రోజుల్లో చుట్టుపక్కల పట్టణాల నుంచి రైళ్లలో దిగిన సాయుధులు పల్లెల్లో వెతికి వెతికి 30 నుంచి 50 మందిని చంపారు. నల్లపిల్లలకు పాఠాలు చెబుతూ వచ్చిన పెన్సిల్వేనియా వాసి విలియం హాఫాను ఇంటి మీదికి వెళ్లి హతమార్చారు. ఏమ్స్ కేంద్ర సైన్యాన్ని పంపమని అధ్యక్షుడు గ్రాంట్‌ను కోరాడు. దక్షిణాదిలో ఏటా రేగే ఈ గొడవలతో ప్రజలు విసిగిపోయారన్న ధోరణిలో అటార్నీ జనరల్ నుంచి జవాబు వచ్చింది. నిజంగా అలసిపోయింది ఉత్తరాది పాలకుల మనసు. క్లింటన్ పొలాల్లో దాక్కున్నవారికి అలసిపోయే వెసులుబాటు లేదు.

క్లింటన్ వాసి చార్లెస్ కాల్డ్‌వెల్ బానిసగా కమ్మరి పని చేసి, విముక్తుడయ్యాక రాష్ట్ర సెనేటరు అయినవాడు. అక్టోబరులో ఏమ్స్ ఆదేశం మీద నల్లవారి మిలీషియా దళాన్ని, అంటే రాష్ట్రం సమీకరించిన పౌరసైన్యాన్ని, ఆయుధాలతో సహా శత్రువుల మధ్య నుంచి నడిపించుకుని వెళ్లి, ఒక్క తూటా పేలకుండా తిరిగి తెచ్చాడు. ఆ ధైర్యాన్ని వారు మరువలేదు. డిసెంబరు చివరి వారంలో, పండుగ రోజులని చెప్పి ఒక పరిచయస్థుడు ఆయనను అంగడి కింది నేలమాళిగలోకి తాగడానికి పిలిచాడు. ఇద్దరూ గ్లాసులు తాకించిన చప్పుడే సంకేతం. కిటికీలో నుంచి వీపు మీద కాల్చారు. చనిపోయే లోపు తనను ఆ చీకటి గదిలో నుంచి వీధిలోకి మోసుకుపొమ్మని ఆయన అడిగాడనీ, వీధిలోకి తెచ్చాక గుమిగూడినవారందరూ మళ్లీ కాల్చారనీ ఆయన భార్య మార్గరెట్ ఆ తరువాత కేంద్ర సెనేటు విచారణ సంఘం ముందు వాంగ్మూలమిచ్చింది.

ఎన్నిక నవంబరు 2న జరిగింది. నల్ల ఓటర్లు అధికంగా ఉన్న యాజూ కౌంటీలో రిపబ్లికన్లకు పడిన ఓట్లు ఏడు. రెండేళ్ల ముందు అక్కడ షెరీఫ్‌గా, అంటే పోలీసు, పన్ను వసూలు బాధ్యతలు రెండూ ఉన్న అధికారిగా, గెలిచిన ఆల్బర్ట్ మోర్గన్ అప్పటికే ప్రాణాలు దక్కించుకోవడానికి పారిపోయాడు. కొత్త శాసనసభ ఏమ్స్ మీద అభిశంసన అభియోగాలు తెచ్చింది. వాటిని ఉపసంహరించుకునే షరతు మీద ఆయన 1876 మార్చిలో రాజీనామా చేసి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది దక్షిణాది రాజకీయాల నుంచి కేంద్ర సైన్యం పూర్తిగా తప్పుకుంది. 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం రాసుకుని, రెండు డాలర్ల ఓటు పన్ను, రాజ్యాంగ వాక్యాన్ని చదివి గాని విని గాని అధికారికి తృప్తి కలిగేలా అర్థం చెప్పే పరీక్ష పెట్టి, నల్లవారి ఓటును కాగితం మీద కూడా లేకుండా చేసింది.

గెలిచినవారే కథనూ రాశారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం డన్నింగ్ శిష్యులు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో వెలువరించిన గ్రంథాలు ఈ కాలాన్ని దోపిడీదారుల పాలనగా, తెలివిలేని నల్లవారి ఓటుతో నడిచిన దుర్దశగా చిత్రించాయి. డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్ 1935లో ఆ చిత్రాన్ని సాక్ష్యాలతో ఖండించినా విశ్వవిద్యాలయాలు చాలాకాలం పట్టించుకోలేదు. పాత నింద ఎంత గట్టిదంటే, జాన్ కెనడీ 1956లో ప్రచురించిన ‘ప్రొఫైల్స్ ఇన్ కరేజ్’ గ్రంథంలో కూడా ఏమ్స్ పాలన అదే పాత రంగుల్లో కనిపిస్తుంది. ఏమ్స్ కుమార్తె బ్లాంచ్ దాన్ని సవరించమని ఆయనకు ఉత్తరాలు రాసి, ఫలితం కానరాక, తానే తండ్రి జీవితచరిత్ర రాసి 1964లో, ఎనభై దాటిన వయసులో, అచ్చు వేయించింది.

ఇక 1879 వసంతంలో మిసిసిపీ, లూసియానా నదీతీరాల నుంచి వేలాది నల్ల కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని కాన్సాస్ రాష్ట్రానికి బయలుదేరాయి. ఓటు పోయింది, బడికి డబ్బు పోయింది, ఏడాది పొడుగునా చాకిరీ చేసినా అంగడి అప్పు తీరలేదు. బానిసత్వాన్ని ముందే నిరాకరించిన కాన్సాస్‌లో అయినా మనుషుల్లా బతకవచ్చునని వారి ఆశ. బైబిల్లోని నిర్గమకాండం గుర్తుకు తెస్తూ వారిని ‘ఎక్సోడస్టర్లు’ అన్నారు. పరాయివాళ్లు తొలగిపోతే తమ నల్లవాళ్లూ తామూ సుఖంగా ఉంటామని పదేళ్లుగా చెబుతూ వచ్చిన భూస్వాములు ఇప్పుడు కూలీలు పోకుండా అడ్డుకునే మార్గాలు వెతికారు. నదీతీరంలో వారాల తరబడి కాచుకున్న కుటుంబాలను చాలా ఆవిరి పడవలు ఎక్కించుకోకుండా సాగిపోయాయి. మే నెల మొదట్లో విక్స్‌బర్గ్‌లో భూస్వాములు ఏకంగా సమావేశం జరిపి, ఈ వలసను ఆపడం ఎలాగో చర్చించారు. ఆ పడవలను ఎక్కగలిగినవారు సెయింట్ లూయిస్ రేవులో దిగాక ఏం జరిగిందో, అక్కడి నల్ల చర్చీలు వారిని ఎలా ఆదుకున్నాయో, కాన్సాస్‌లో వారికి ఎలాంటి నేల దొరికిందో వచ్చే భాగంలో.